టూరిస్టు రైళ్ల పాత ఇంజన్లకు, పెట్టెలకు రూల్స్ సడలించాలా? ఏవి సడలించొచ్చు, ఏవి ముట్టుకోకూడదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఒక చిన్న టూరిస్టు రైల్వేలో మీరు కొత్తగా వాలంటీరుగా చేరారు. వారాంతాల్లోనే నడిచే ఆవిరి రైలు, వేగం గంటకు 15 మైళ్లు దాటదు. షాపులో, అంటే ఇంజన్లు మరమ్మతు చేసే షెడ్డులో, సగం మంది "ఫెడరల్ రూల్సే మనల్ని ముంచుతున్నాయి, పెద్ద రైల్వేలకు రాసినవి మనకెందుకు" అంటున్నారు. మిగతా సగం "ఒక్కటి వదిలినా గెటీస్‌బర్గ్ మళ్లీ జరుగుతుంది" అంటున్నారు, 1995లో ఒక టూరిస్టు రైలు బాయిలర్‌కు జరిగిన ప్రమాదం అది. పాత సామగ్రికి నిబంధనలు సడలించడం మంచిదా, కాదా అని మీరు అడిగారు.

నా జవాబు: సడలించాలి, కానీ రూలు ఏ ప్రమాదం కోసం పుట్టిందో చూసి సడలించాలి. వేగం వల్ల, రద్దీ వల్ల, దేశమంతా తిరగడం వల్ల వచ్చే ప్రమాదం కోసం రాసిన రూలైతే చిన్న లైనుకు తగ్గించవచ్చు. బాయిలర్, బ్రేకులు, చక్రాలు, ఇరుసులు, ఎక్కి దిగే మెట్లు, పట్టుకునే కడ్డీలు, వీటి తనిఖీని మాత్రం తగ్గించకూడదు. కాగితం తగ్గించండి, గడువు లెక్క మార్చండి, కానీ చేత్తో ముట్టుకుని చూసే పనిని తీసేయకండి. చాలా ఏళ్లుగా టూరిస్టు లైన్లలో బాయిలర్ పని, రన్నింగ్ గేర్ (చక్రాలు, ఇరుసులు) పని చేస్తూ, మినహాయింపు పిటిషన్లు కూడా రాస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

ముందు మీ లైను ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోండి

షాపులో జరిగే వాదనల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఆర్‌ఏ, అన్ని టూరిస్టు రైళ్లనూ ఒకే గాట కట్టదు. పట్టాల మధ్య వెడల్పు 24 అంగుళాల కన్నా తక్కువైతే దాన్ని వినోదపు రైలుగానే చూస్తుంది, జోక్యం చేసుకోదు. అంతకన్నా వెడల్పైన లైనైతే రెండు ప్రశ్నలు వేస్తుంది. దేశవ్యాప్త రైలు వ్యవస్థలో (దీన్నే జనరల్ సిస్టమ్ అంటారు) భాగమా? కాకపోతే, మిగతా ప్రపంచంతో సంబంధం లేకుండా విడిగా ఉందా?

ఆ 'విడిగా ఉండటం' అనే దానికి కొలతలున్నాయి. వాడుకలో ఉన్న పబ్లిక్ రోడ్డును పట్టాలు దాటినా, ఇంకో రైలు మార్గాన్ని నేల మీద దాటినా, పబ్లిక్ రోడ్డు మీదుగా గానీ వాణిజ్య పడవలు తిరిగే నీళ్ల మీదుగా గానీ వంతెన ఉన్నా, ఇంకో రైల్వే పట్టాలకు 30 అడుగుల లోపు నడిచినా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ లైను విడిగా ఉన్నట్టు కాదు. ఒక్క లెవెల్ క్రాసింగ్ చాలు. ఇవేవీ లేకపోతే చాలావరకు రాష్ట్ర ప్రభుత్వపు బాయిలర్ చట్టాలు, మీ బీమా కంపెనీ చెప్పిందే రూలు.

మీరు ఊహించినదానికన్నా సడలింపులు ఇప్పటికే ఎక్కువ ఉన్నాయి కూడా. ఎఫ్‌ఆర్‌ఏ నిబంధనలకు భాగాల వారీగా నంబర్లుంటాయి; వాటిలో ప్రయాణికుల పెట్టెల నిర్మాణ ప్రమాణాల భాగం, 238, టూరిస్టు, హిస్టారిక్ రైళ్లకు అసలు వర్తించదు, జనరల్ సిస్టమ్ మీద నడిచినా సరే. జనరల్ సిస్టమ్‌లో లేని లైనుకు ట్రాక్ ప్రమాణాలు, సరుకు పెట్టెల ప్రమాణాలు కూడా వర్తించవు. పైగా, టూరిస్టు రైల్వేల మీద ప్రభావం చూపే భద్రతా నిబంధనలు రాసేటప్పుడు వాటి ఆర్థిక, నిర్వహణ పరిస్థితులను ప్రత్యేకంగా పరిగణించాలని 1994 నుంచి చట్టంలోనే ఉంది. కాబట్టి "మనల్ని ఎవరూ పట్టించుకోలేదు" అనే మాట నిజం కాదు. ఏ రూలు గురించి బాధపడుతున్నారో దాని నంబరు చెప్పమని అడగండి. నేను అడిగిన చాలాసార్లు, ఆ రూలు ఆ లైనుకు వర్తించదనే తేలింది.

మంచి సడలింపు ఎలా ఉంటుందో బాయిలర్ రూలులోనే ఉంది

ఆవిరి ఇంజన్లకు సంబంధించినది భాగం 230. ఇప్పుడున్న రూపం 1999 నవంబరులో వచ్చింది, 2000 జనవరి నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు రూలు రోజూ పరిగెత్తే ఇంజన్ల కాలం నాటిది. నెలలు, ఏళ్ల లెక్కన గడువు పెట్టేది. సుమారు 4-5 ఏళ్లకు బాయిలర్ ట్యూబులన్నీ పీకి లోపల చూడాల్సిందే. ఆ మధ్యలో ఇంజన్ ఎన్ని రోజులు ఆవిరి మీద ఉందన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ఏడాదికి అరవై రోజులు నడిచే ఇంజన్‌కు అది దండగ ఖర్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ట్యూబు పీకిన ప్రతిసారీ ట్యూబ్‌షీట్ (ట్యూబుల కొసలు బిగించే రేకు) రంధ్రాల అంచు కొంత దెబ్బ తింటుంది. పదే పదే పీకితే షీటే మార్చాల్సి వస్తుంది.

కొత్త రూలు 'సర్వీస్ డే' అనే లెక్క తెచ్చింది. ఫైర్‌బాక్సులో మంట ఉండి, బాయిలర్లో ఆవిరి పీడనం ఉన్న ప్రతి రోజూ ఒక సర్వీస్ డే. 31 సర్వీస్ డేలకు ఒక తనిఖీ, 92కి ఇంకొంచెం లోతైనది, ఏడాదికోసారి హైడ్రోస్టాటిక్ (నీటి పీడనంతో చేసే) పరీక్షతో కూడినది. ఇక 1472 సర్వీస్ డేలు లేదా 15 ఏళ్లు, ఏది ముందొస్తే అప్పుడు, బాయిలర్‌ను పూర్తిగా విప్పి చూడాలి. 1472 రోజులంటే దాదాపు నాలుగేళ్ల పాటు రోజూ మంట పెట్టినంత. ఏడాదికి అరవై రోజులే నడిపేవాళ్లకు ఆ లెక్క తీరాలంటే ఇరవై నాలుగేళ్లు పడుతుంది, కాబట్టి 15 ఏళ్ల హద్దే ముందు వస్తుంది.

దీనికి బదులుగా రైల్వేలు ఇచ్చింది ఫారం 4. బాయిలర్‌లోని ప్రతి షీటు మందం అల్ట్రాసోనిక్‌తో కొలిచి, ప్రతి స్టే (స్టేబోల్టు, అంటే బాయిలర్ రేకులను కలిపి పట్టి ఉంచే కడ్డీ) మీద పడే బరువు లెక్కగట్టి, భద్రతా గుణకం కనీసం 4 ఉందని, అంటే పడే బరువుకు నాలుగింతలు తట్టుకోగలదని, కాగితం మీద చూపించాలి. అంతకుముందు చాలా ఇంజన్లకు ఎప్పటివో కంపెనీ లెక్కలే ఆధారం. ఈ రూలు వెనక కేవలం అధికారులు లేరు. ఇంజన్లు నడిపేవాళ్లు, బాయిలర్ పనివాళ్లు ఇంజనీరింగ్ స్టాండర్డ్స్ కమిటీగా ఏర్పడి ఎన్నో ఏళ్లు కూర్చుని రాసిన పని దానిలో ఉంది. గడువు పెంచమని అడిగినవాళ్లే, ఆ గడువుకు తగ్గ సాక్ష్యం తామే తెస్తామన్నారు. సడలింపు అడిగే ప్రతి ఒక్కరూ నేర్చుకోవలసిన పద్ధతి ఇది. నాకు ఈ రూలంటే గౌరవం, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఇప్పుడు కొందరు ఆ 15 ఏళ్ల హద్దు కూడా తీసేయమంటున్నారు. ఇంజన్ షెడ్డులో ఖాళీగా ఉంటే ఏం అరుగుతుందని వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. బాయిలర్ నిలబడి ఉన్నప్పుడే తుప్పు పట్టేది ఎక్కువ. సరిగ్గా ఆరబెట్టకుండా వదిలేసిన బాయిలర్ అడుగున, మడ్‌రింగ్ (ఫైర్‌బాక్సు అడుగు చుట్టూ ఉండే చట్రం) మూలల్లో, నీటి మట్టం ఆగిన గీత వెంబడి గుంటలు పడతాయి. ట్యూబులు పీకితే తప్ప వాటిలో చాలావరకు కంటికి కనపడవు. నడిచిన రోజుల లెక్క అరుగుదలకు సరిపోతుంది, తుప్పుకు సరిపోదు. అందుకే రెండు గడియారాలూ ఉండాలి.

గెటీస్‌బర్గ్ సంగతి

మీ షాపులో ఆ పేరు ఊరికే వాడుతున్నారేమో, జరిగింది ఇది. 1995 జూన్ 16న పెన్సిల్వేనియాలో గార్డనర్స్ దగ్గర, గెటీస్‌బర్గ్ రైల్వే టూరిస్టు రైలును లాగుతున్న 1278 నంబరు ఇంజన్ క్రౌన్‌షీట్ విఫలమైంది. క్రౌన్‌షీట్ అంటే ఫైర్‌బాక్సు పైకప్పు. దాని కింద మంట, పైన నీళ్లు. నీళ్లు తగ్గి ఆ రేకు బయటపడితే ఎర్రగా కాలి మెత్తబడి, పీడనానికి కిందికి కుంగుతుంది. అక్కడ అదే జరిగింది. క్యాబ్‌లో ఉన్న ముగ్గురికీ కాలిన గాయాలయ్యాయి. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలినవేవీ పెద్ద పెద్ద విషయాలు కావు. వాటర్ గ్లాసుకు (నీటి మట్టం చూపే గాజు గొట్టం) వెళ్లే దారి పూడుకుపోయింది, నీటి శుద్ధి సరిగ్గా లేక లోపలంతా గార పట్టింది, నీటి మట్టం నిజంగా ఎంతుందో సిబ్బందికి తెలియలేదు. ఆ ఇంజన్ స్టేబోల్టుల అమరిక వల్ల రేకు ఒక్కసారిగా ఊడకుండా కొద్దికొద్దిగా వదిలింది, అందుకే బాయిలర్ మొత్తం పేలలేదు. వెనక పెట్టెల నిండా ప్రయాణికులున్నారు.

అది పర్యాటకుల బండే, మెల్లగా నడిచే చిన్న లైనే. చదరపు అంగుళానికి 200 పౌండ్ల పీడనం 15 మైళ్ల వేగంలోనూ 200 పౌండ్లే. బండి ఆగి ఉన్నా 200 పౌండ్లే. కాబట్టి తక్కువ వేగం అనే కారణం బాయిలర్ దగ్గర పనికిరాదు. ఇంజెక్టర్లు (బాయిలర్‌లోకి నీళ్లు పంపేవి), వాటర్ గ్లాసు, గేజ్ కాక్‌లు (నీటి మట్టం సరిచూసే కుళాయిలు), సేఫ్టీ వాల్వులు, నీటి శుద్ధి, వీటి మీద సడలింపు అడిగే పిటిషన్ మీద నేను సంతకం పెట్టను.

31 రోజుల తనిఖీలో ఒక్కసారి ఫైర్‌బాక్సులోకి దూరి చూడండి, నేను ఏమంటున్నానో తెలుస్తుంది. చల్లారిన పెట్టెలో మసి మధ్య కూర్చుని, ఒకరు సుత్తితో స్టేబోల్టులను వరసగా కొట్టుకుంటూ పోతారు. మంచి బోల్టు ఖంగుమంటుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. విరిగిన బోల్టు మొద్దుగా పలుకుతుంది, సుత్తి అక్కడే చతికిలబడుతుంది. బయటివైపు పొట్టి బోల్టుల తలలో టెల్‌టేల్ అనే సన్నటి రంధ్రం ఉంటుంది. లోపల బోల్టు పగిలితే ఆ రంధ్రంలోంచి చెమ్మ వస్తుంది, ఎండాక తెల్లటి చార మిగులుతుంది. ఆ చారను పెయింటు వేసేటప్పుడు కప్పేసినవాళ్లను చూశాను. రంధ్రం పూడ్చేసినవాళ్లనూ చూశాను. రూలు లేకపోతే ఈ పని వారాంతపు హడావిడిలో మొదట ఎగిరిపోయేది. వాలంటీర్లు మారుతూ ఉంటారు. పాతతరం బాయిలర్ మేస్త్రీలు వెళ్లిపోతున్నారు. ఏం చూడాలో కొత్తవాళ్లకు చెప్పేది చాలా చోట్ల ఆ ఫారాలే.

నేను గట్టిగా సడలించమనే చోటు: 50 ఏళ్లు దాటిన సరుకు పెట్టెలు

భాగం 215 ప్రకారం, తయారై 50 ఏళ్లు దాటిన సరుకు పెట్టె నడపాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. కెబూస్ (సరుకు రైలు చివర సిబ్బంది ఉండే పెట్టె) కూడా ఈ లెక్కలో సరుకు పెట్టె కిందికే వస్తుంది. నడపదలచుకున్న తేదీకి 90 రోజుల ముందే పిటిషన్ పెట్టాలి. పెట్టె నంబరు, వయసు, మోసే బరువు, వేగం, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నడుపుతారు, అన్నీ రాయాలి. దేశమంతా చేతులు మారుతూ, ఎవరు ఎప్పుడు చూశారో తెలియని పెట్టెలకు ఈ రూలు అర్థవంతమే. కానీ జనరల్ సిస్టమ్‌లో ఉన్న టూరిస్టు లైనులో, తన పట్టాలు దాటని, ఒకే మనుషుల చేతుల్లో ఉన్న కెబూస్‌కు ఇది ఎందుకు?

ఒక చిన్న లైనుకు ఇలాంటి పిటిషన్ రాసిపెట్టాను. చెక్క కెబూస్, ఎవరో ప్రాణంలా చూసుకున్న బండి. తనిఖీలో సరిచేయాల్సింది ఏమీ దొరకలేదు. తనిఖీ ఒక పూటలో అయింది, అనుమతి వచ్చేసరికి ఆకులు రాలే సీజన్ అయిపోయింది. ఆ ఏడాది వాళ్లకు ఎక్కువ టికెట్లు అమ్ముడుపోయే రోజులవే. అదే యార్డులో 50 ఏళ్లు నిండని ఫ్లాట్‌కార్ ఒకటుంది, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని లైటు వేసి చూస్తే ట్రక్కు (చక్రాల చట్రం) బోల్‌స్టర్‌లో, అంటే పెట్టె బరువు మోసే అడ్డ దూలంలో, పగులు కనపడింది. దాన్ని పట్టింది తనిఖీ. వయసు రూలు దాని జోలికే పోలేదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. తన లైనులోనే ఉండే, వేరే రైల్వేకు మార్చని, తక్కువ వేగంతో నడిచే పాత పెట్టెలకు ఒక్కొక్కదానికీ పిటిషన్ అక్కర్లేకుండా రూలులోనే శాశ్వత అనుమతి ఇవ్వాలి. బదులుగా ఏడాదికోసారి ట్రక్కులు, బోల్‌స్టర్, సెంటర్ సిల్ (పెట్టె కింద నడుమ దూలం), డ్రాఫ్ట్ గేర్ (కప్లర్ వెనక లాగుడు దెబ్బను తట్టుకునే భాగం) చూసి రాతపూర్వక రికార్డు ఉంచాలి. ఒకే రకమైన షరతులతో మళ్లీ మళ్లీ ఇచ్చే అనుమతిని రూలులోనే రాసేస్తే అధికారులకూ పని తగ్గుతుంది. మెయిన్ లైను మీద వేరే ఊరికి తీసుకెళ్లాలంటే మాత్రం ఇప్పటి పద్ధతే ఉండనివ్వండి.

కిటికీ అద్దాలు

భాగం 223 అద్దం ఎంత తట్టుకోవాలో చెబుతుంది. ముందువైపు అద్దం మీదికి 24 పౌండ్ల సిమెంటు దిమ్మను సెకనుకు 44 అడుగుల వేగంతో, పక్క అద్దం మీదికి 12 అడుగుల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. రెండింటినీ .22 తుపాకీ గుండుతో కూడా పరీక్షిస్తారు. రైళ్ల మీద రాళ్లు విసిరే, తుపాకులు పేల్చే చోట్ల సిబ్బందిని కాపాడటానికి వచ్చిన రూలు ఇది, 1980 నుంచి కొత్త పెట్టెలకు తప్పనిసరి. కేవలం విహారానికి నడిచే పురాతన పెట్టెలకు మినహాయింపు ఇచ్చారు, అది సరైన నిర్ణయం. పాత చెక్క ఫ్రేములో ఆ మందం అద్దం పట్టదు. పట్టాలంటే ఫ్రేమును చెక్కేయాలి, అప్పుడు మనం కాపాడుతున్నది ఏముంటుంది?

కానీ మినహాయింపు ఉంది కదా అని పగిలితే కత్తుల్లా విడిపోయే మామూలు గాజు పెట్టకండి. పగిలిన అద్దం మార్చేటప్పుడల్లా లామినేటెడ్ సేఫ్టీ గ్లాసు పెట్టండి. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

బ్రేకులు, మెట్లు

ఇక్కడ ఎక్కువ చెప్పను. బ్రేకు వాల్వుల్లో రబ్బరు, తోలు ఉంటాయి. అవి బండి తిరిగినా తిరగకపోయినా కాలంతో పాటే గట్టిపడతాయి. కాబట్టి "మేము తక్కువ మైళ్లు తిరుగుతాం, గడువు పెంచండి" అనే వాదన వాటి దగ్గర చెల్లదు. చేతి కడ్డీల రూల్స్ 1893 నాటి చట్టం నుంచి, మెట్ల రూల్స్ 1910 నాటి చట్టం నుంచి వస్తున్నవి. నేను టూరిస్టు లైన్లలో చూసిన గాయాల్లో ఎక్కువ భాగం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జరిగినవే. వదులైన కడ్డీ బోల్టు బిగించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మినహాయింపు అడగాల్సి వస్తే

భాగం 211 కింద ఏ రైల్వే అయినా పిటిషన్ పెట్టుకోవచ్చు. అది అందరికీ కనపడే డాకెట్‌లో (బహిరంగ ఫైలులో) చేరుతుంది, జనం అభిప్రాయాలు చెప్పొచ్చు, తర్వాత ఎఫ్‌ఆర్‌ఏ సేఫ్టీ బోర్డు నిర్ణయిస్తుంది. చట్టం చూసేది రెండే: ప్రజాప్రయోజనం ఉందా, రైలు భద్రతకు అనుగుణంగా ఉందా. ఇచ్చినా షరతులతో, కొన్నేళ్లకే ఇస్తారు, మళ్లీ పొడిగించుకోవాలి.

చాలా పిటిషన్లు "మేము లాభాపేక్ష లేని సంస్థ, మా దగ్గర డబ్బు లేదు" అని మొదలై అక్కడే ఆగిపోతాయి. డబ్బు సంగతి రాయండి, చట్టం దానికి చోటిచ్చింది. కానీ అసలు బలం వేరే చోట ఉంది. ఆ రూలు ఏ ప్రమాదాన్ని ఆపుతుందో మీ మాటల్లో రాయండి. మీ లైనులో ఆ ప్రమాదం ఎందుకు తక్కువో వేగం, వాలు, క్రాసింగులతో సహా చూపించండి. రూలు బదులు మీరేం చేస్తారో, ఎంత తరచుగా చేస్తారో, ఎవరు సంతకం పెడతారో చెప్పండి. పాత తనిఖీ రికార్డులు జతచేయండి. రికార్డులు లేకపోతే పిటిషన్ ఒక ఏడాది ఆపి, ముందు అవి తయారు చేయండి.

ఇంకో మాట. ఎఫ్‌ఆర్‌ఏ వదిలేసినంత మాత్రాన మీ భారం తగ్గుతుందని అనుకోవద్దు. బీమా కంపెనీ అదే తనిఖీని తన పద్ధతిలో అడుగుతుంది. మెయిన్ లైను మీద విహార రైలు నడపాలంటే ఆ పట్టాల యజమాని తన షరతులు పెడతాడు. యూనియన్ పసిఫిక్ అనే పెద్ద రైల్వే వాళ్లు సొంత పట్టాల మీద నడిపే 4014 నంబరు బిగ్ బాయ్ ఆవిరి ఇంజన్‌కి కూడా పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్ (ప్రమాదం రాబోతే రైలును తానే ఆపే వ్యవస్థ) పరికరాలు అమర్చుకున్నారు. రూలు పుస్తకంలో ఒక పేరా పోయినా ఆ పని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

మీరు చేయాల్సింది: ఈ వారం షాపుకు వెళ్లినప్పుడు మీ ఇంజన్ ఫారం 4 చూపించమనండి, చివరి 1472 తనిఖీ ఏ తేదీన అయిందో అడగండి, సర్వీస్ డేల పుస్తకం ఎవరు రాస్తున్నారో కనుక్కోండి. ఈ మూడింటికీ వెంటనే జవాబు చెప్పగలిగే షాపు సడలింపు అడిగితే దానికి అర్హత ఉంది. మీ లైను గేజ్ ఎంత, రోడ్డు క్రాసింగులున్నాయా, వేరే రైల్వేతో కలుస్తుందా, మీవాళ్లు ఏ రూలు నంబరు గురించి బాధపడుతున్నారు, ఇవి కింద రాయండి. అది మీకు వర్తిస్తుందో లేదో చూసి చెబుతాను. వర్తిస్తే పిటిషన్ ఎలా మొదలుపెట్టాలో కూడా రాస్తాను.